సమయపాలన వ్యాసంలోకి వచ్చిన కారు

ఇందులో ప్రతి ముక్కా నిజం. తినే అన్నం మీద ఒట్టు. కట్టుకున్న ఆవిడ మీద ఒట్టు. ఈ వయసులో కూడా నల్లగా ఉన్న నా మీసం మీద ఒట్టు. ఆ నలుపు నాది కాదని మా ఆవిడ అంటుంది గానీ ఆవిడ మాట పట్టించుకోకండి.

నేను కోతలరాయుణ్ణని కోనసీమలో ఒక పేరుంది, కాదనను. రావులపాలెం మార్కెట్లో ఒక అరటిగెలని లారీలోకి ఎక్కించడానికి లారీకే జాకీ పెట్టాల్సొచ్చిందని చెప్పినవాణ్ణి నేనే. అది వేరు. ఆ కథలు చెప్పేటప్పుడు నాకు ముందు నవ్వొస్తుంది. ఇది చెప్పబోతే కోపం వస్తుంది. కోపం మీద ఉన్న మనిషి అబద్ధం ఆడలేడు, దానికి తీరిక ఉండాలి.

డెబ్భైల చివర్లో, రాజోలు వైపు, గోదారి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో నేను తెలుగు ట్యూటర్ని. ట్యూటరంటే లెక్చరర్ కన్నా చిన్న, అటెండరు కన్నా కొంచెం పెద్ద. ఆ కొంచెం కూడా అటెండరు ఒప్పుకునేవాడు కాదు.

ఇప్పుడు వంతెన మీంచి మోటారుసైకిలేసుకుని రయ్యిమని పోయే కుర్రాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. అప్పుడక్కడ వంతెన లేదు. అవతలి ఒడ్డున ఉన్న లంకల నుంచి ఇవతలికి రావాలంటే పంటు ఒక్కటే దిక్కు. చదునైన పెద్ద పడవ, దాని మీద మనుషులూ సైకిళ్ళూ పాలకేన్లూ అరటిగెలలూ అన్నీ ఎక్కుతాయి. బల్లలు వేస్తే కారు కూడా ఎక్కుతుంది. కారు ఎక్కుతుందన్నది గుర్తుపెట్టుకోండి, నా కోపమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. బెల్లు కొట్టగానే గేటు మూసేవారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మొదటి గంట అయ్యేదాకా బయట ఎండలో నిలబడాలి. మొదటి గంట పోతే ఆ పూట హాజరు పోయినట్టే. ఏడాది చివర హాజరు చాలనివాళ్ళని పరీక్షకి కూర్చోబెట్టాలంటే కాలేజీ సిఫారసు చెయ్యాలి. ఆ సిఫారసు కావాలంటే విద్యార్థి ‘సమయపాలన’ అనే విషయం మీద వ్యాసం రాసుకొచ్చి, కమిటీ ఎదుట నిలబడి పైకి చదవాలి. అందులో పశ్చాత్తాపం కనబడితే సంతకం. కనబడకపోతే ఆ ఏడాది గోదాట్లో కలిసినట్టే. ఆ వ్యాసాలు ముందుగా చూసి, దిద్ది, కమిటీకి పంపే భాగ్యం తెలుగు ట్యూటర్ది.

భాగ్యం ఎలాంటిదంటే, అందరిదీ ఒకటే వ్యాసం. ‘కాలము అమూల్యమైనది. గడచిన కాలము తిరిగి రాదు.’ మొదట ఏ మహానుభావుడు రాశాడో తెలియదు, తాతల నాటి మామిడితోటలా చేతులు మారుతూ వచ్చింది. ఒక కుర్రాడైతే కంగారులో కిందటేటివాడి పేరుతో సహా ఎక్కించేశాడు. అయినా సంతకం పడింది. ఎవరికీ చదివే పని లేదు, వంచిన తల కనిపిస్తే చాలు.

ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. అవతలి లంకపిల్ల, డిగ్రీ రెండో ఏడు. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు వలిచే పని చేసేవాడు. వాళ్ళ పేట చర్చిలో ఆదివారం పూట బైబిలు వాక్యం చదివేది ఈ అమ్మాయే. అందుకని గొంతు తొణక్కుండా ఉండేది. క్లాసులో పద్యం చదవమంటే మగపిల్లలు బల్లలు గీకడం ఆపి వినేవారు. అలాంటి పిల్ల కూడా ఆ తాతలనాటి వ్యాసాన్నే పట్టుకొచ్చింది.

“ఇది నువ్వు రాసిందేనా?” అన్నాను.

“ఆయ్, నేనే రాసేనండి.”

“ఎక్కడ చూసి?”

“సీనియరు అక్కగారు ఇచ్చేరండి.”

“అది సరే. అసలు నీకు రోజూ ఎందుకు ఆలస్యమవుతోంది?”

“పంటు కదలదండి.”

“ఎందుకు కదలదు?”

కిటికీకేసి చూసింది. “అది వ్యాసంలో రాయకూడదు కదండీ.”

“ఎవరు చెప్పేరు?”

“ఎవరూ చెప్పలేదండి. అందరికీ తెలుసండి.”

ఆ మాటకి నాకు మొదటిసారి ఒళ్ళు మండింది. ఎందుకు ఆలస్యమైందో తప్ప మిగతావన్నీ రాయమని ఏ వ్యాకరణంలో ఉంది? ఉన్నది రాసి తెమ్మన్నాను. తెచ్చింది. ‘నౌకా విలంబన కారణముచే విద్యార్థిలోకము కష్టములననుభవించుచున్నది’ అని మొదలుపెట్టింది. పంటుని నౌక చేసింది, లంకపిల్లల్ని లోకం చేసింది. చదివితే ఏదో సముద్రయుద్ధం జరుగుతున్నట్టుంది గానీ పిల్లలు ఒడ్డున నిలబడ్డట్టు లేదు.

“ఇంటికెళ్ళి మీ అమ్మతో ఏం చెప్తావు? నౌకా విలంబనం అంటావా?”

నవ్వింది. “లేదండి. ‘ఇయ్యాల కూడా కారు వేళకి రాలేదమ్మా’ అంటానండి.”

“ఏ కారు?”

మళ్ళీ కిటికీకేసి చూసింది.

ఏ కారో కనుక్కుందామని ఒకరోజు పొద్దున్నే ఇటునుంచి వెళ్ళే పంటు ఎక్కి అవతలి రేవుకి పోయాను. తిరుగు పంటు నిండిపోయింది. పాలవాళ్ళు ఎక్కారు, కూరగాయల తట్టలు ఎక్కాయి, మా కాలేజీ పిల్లలు పుస్తకాలు గుండెలకి హత్తుకుని ఎక్కారు. ఇంజను ఆడుతోంది. పంటు మాత్రం కదలదు. పంటు నడిపే సరంగు బీడీ వెలిగించుకుని గట్టు మీది రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

“ఎందుకాగేవయ్యా?” అన్నాను.

“కారండి.”

“ఎప్పుడొస్తుంది?”

“వచ్చినప్పుడండి.”

“ఇంతమంది ఆగేరు కదా.”

“మనుషులు ఆగుతారండి. కారు ఆగదు కదండీ,” అన్నాడు, నాకు చదువు చెప్తున్నంత నిదానంగా.

చివరికి గట్టు మీద దుమ్ము లేచింది. బల్లలు పడ్డాయి. పిల్లలంతా అలవాటుగా కమ్మీల వైపుకి ఒత్తుకున్నారు. కారు ఎక్కింది. అద్దాలు మూసే ఉన్నాయి. లోపల పేపరు చదువుకుంటున్నది మా కాలేజీ కరస్పాండెంటు గారు.

ఆయన గురించి రెండు ముక్కలు. కాలేజీ పెట్టింది వాళ్ళ నాన్నగారు. అవతలి ఒడ్డున కొబ్బరితోటల్లో సగం వాళ్ళవే. సమయపాలన అంటే ఆయనకి ప్రాణం. గేటు మూయించే ఆచారం పెట్టింది ఆయనే, వ్యాసం ఆచారం పెట్టింది ఆయనే. పంటు ఇవతలి ఒడ్డుకి చేరగానే కారు ముందు దిగి వెళ్ళిపోతుంది. పిల్లలు గట్టెక్కి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గేటు మూసి ఉంటుంది. గేటు లోపల, వరండాలో, కరస్పాండెంటు గారు చేతిగడియారం చూసుకుంటూ నిలబడి ఉంటారు, ఆలస్యంగా వచ్చిందెవరా అని.

తనతో పాటు ఒకే పంటు మీద వచ్చిన పిల్లలే. ఒకే పంటు మీద.

ఆవేళ వాళ్ళతో పాటు నేను కూడా ఆలస్యంగానే చేరాను. అటెండరు నాకు మాత్రం గేటు తీశాడు. నన్ను వ్యాసం రాయమని ఎవరూ అడగలేదు.

మూడో చిత్తు ఆ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుని రాసింది. నేను ఎర్రకలం జేబులోంచి తియ్యలేదు. ‘ఇయ్యాల కూడా కారు వేళకి రాలేదు. కారు రాకపోతే పంటు కదలదు. పంటు కదలకపోతే మా లంకలో తెల్లవారినట్టు కాదు’ అని మొదలుపెట్టింది. పాలవాళ్ళు పాలు విరిగిపోతాయని కేన్ల మీద తడికండువాలు కప్పడం రాసింది. ఒకరోజు నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద రేవుకి మోసుకొస్తే, ఆ రోజు కూడా కారు వచ్చేదాకా ఆగామని రాసింది. చివర ఇలా రాసింది: ‘నల్ల కారులో ఉన్నవారి చేతికి గడియారం ఉంది. మాలో ఎవరికీ లేదు. అందుచేత సమయపాలన అంటే ఏమిటో మాకు సరిగ్గా తెలియదు. గడియారం ఉన్నవారే చెప్పాలి.’

అప్పటికి నా చేతిలోంచి పోయిన వ్యాసాలన్నీ కుప్ప పోస్తే మిద్దె ఎక్కొచ్చు. వాటిలో మనిషి ఉన్న వ్యాసం ఇదొక్కటే.

స్టాఫ్‌రూములో ఇంగ్లీషు మాస్టారికి చూపించాను. మంచి మనిషి. ఎండ ఎటుంటే గొడుగు అటు తిప్పే మంచి మనిషి.

“మాస్టారూ, ఇది వ్యాసం కాదండీ, ఫిర్యాదు,” అన్నారాయన.

“అయితే ఏమైందండీ?”

“ఏంలేదండీ. ఫిర్యాదు ఎవరి మీదో ఆయన ముందే చదవడం నేనెక్కడా చూళ్ళేదు. కోడిపెట్ట వెళ్ళి వంటాయనకి తన ఈకల సంగతి చెప్పుకున్నట్టుంది.”

అది కూడా నిజమే అనిపించి, అమ్మాయిని పిలిచి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను. “ఇదిగో తాతలనాటిది. ఇది చదివితే కళ్ళు మూసుకుని సంతకం పెడతారు, పరీక్ష రాస్తావు. ఇదిగో నీది. ఇది చదివితే ఏమవుతుందో నాకు తెలీదు. నీ ఇష్టం అమ్మా.”

తాతలనాటిదాన్ని నా వైపుకి తోసింది. “అది నేను రాయలేదు కదండీ. అందరూ రాసిందేనండి అది,” అని తనదే తీసుకుంది. “ఆయనకి తెలీదేమోనండి మాస్టారండీ. అద్దాలు మూసుంటాయి కదండీ. తెలిస్తే ఆగరేమోనండి.”

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను ఎంతోమంది దగ్గర ఎన్నో కోతలు విన్నాను. అంత నమ్మకంతో చెప్పిన మాట వినలేదు.

కమిటీ రోజు వచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలో కరస్పాండెంటు గారు మధ్య కుర్చీలో కూర్చుని, చేతిగడియారం విప్పి ఎదురుగా బల్ల మీద పెట్టుకున్నారు. పక్కన మా ప్రిన్సిపాల్ గారు. ఆయన మర్యాద ఎంతటిదంటే, ఒకసారి బాత్రూములో పాము కనిపిస్తే “తమరు కాస్త పక్కకి జరుగుతారా అండీ” అన్నారట. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరే వచ్చి కాలము అమూల్యమైనదని చదివారు. వాళ్ళందరిదీ ఒకటే మాట అయినా కరస్పాండెంటు గారు ప్రతిసారీ అప్పుడే మొదటిసారి విన్నట్టు తలూపి సంతకం పెట్టారు.

ఆ అమ్మాయి వంతు వచ్చింది. చర్చిలో వాక్యం చదివినట్టే చదివింది, తొందర లేకుండా, ఎవరినీ చూడకుండా. మంచం మీది మనిషి దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టి, అయిపోయేదాకా తుడుస్తూనే ఉన్నారు. గడియారం ఉన్నవారే చెప్పాలి అని ముగించి కాగితం దించింది.

“మళ్ళీ చదువమ్మా,” అన్నారు కరస్పాండెంటు గారు, చాలా మెత్తగా. “ఆ కారు సంగతి చెప్పేవు చూడు, అక్కణ్ణించి.”

చదివింది. ‘నల్ల కారులో ఉన్నవారి చేతికి’ అనగానే చెయ్యెత్తి ఆపారు.

“నలుపు కాదమ్మా. ముదురు నీలం. రాసేటప్పుడు చూసి రాయాలి.”

నేను ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో నాకే తెలియదు. అందరూ ఆయన కాదంటాడని భయపడ్డారు. ఆయన కాదనలేదు. అవును నా కారే, నాకు తెలుసు, రోజూ చూస్తూనే ఉన్నాను అని అంత తీరిగ్గా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, రంగు దిద్దాడు.

తర్వాత నా వైపు తిరిగారు. “తెలుగు మాస్టారూ, భాష బాగుందండీ. పిల్లకి మంచి తెలుగు చెప్పేరు. అయితే విషయాంతరం. సమయపాలన గురించి రాయమంటే పంటు గురించి రాసింది.”

“ఆయ్, విషయాంతరమేనండి,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“మొత్తం సమయం గురించేనండి అది,” అన్నాను. “ఇంతకు ముందు చదివినవాళ్ళెవరూ సమయం గురించి రాయలేదండి. ఈ ఒక్క అమ్మాయే రాసింది.”

“మాస్టారూ, గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నారు, లోపలికొచ్చి కూర్చోండి. కాఫీ చెప్పమంటారా?”

మా కోనసీమలో అన్యాయం కూడా ‘అండీ’ అంటూనే వస్తుంది. కసిరితే తిరిగి కసరొచ్చు. కాఫీ చెప్పమంటారా అన్నవాణ్ణి ఏం చేస్తారు? ఆయన అమ్మాయి కాగితం మీద ‘విషయాంతరము, పశ్చాత్తాపము లేదు’ అని గుండ్రంగా రాసి, గడియారం చేతికి కట్టుకుని లేచారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి నాన్న కాలేజీ గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. రెండు చేతుల నిండా కొబ్బరి పీచు కోసిన గాట్లు. నన్ను తిట్టడానికి వచ్చాడనుకుని, తిట్టించుకుందామనే వెళ్ళాను.

“మాస్టారండీ, తమరేమీ అనుకోకండి. పిల్ల బాగానే చదివిందటండి. బాబుగారు కూడా బాగుందన్నారటండి.”

“బాగుందని పరీక్షకి పంపలేదయ్యా ఆయన.”

“ఆయ్. అయినా బాబుగారిని అనకండి. నన్ను తోట పనిలోంచి తీసెయ్యలేదండి.”

దానికి కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు ఆ మనిషి. ఆ రోజు నాకు కోపం వచ్చింది అనడం చాలదు. ఆ కోపంతో వైనతేయ నీళ్ళు కాగి పులసలు వాటంతటవే పులుసయ్యాయి.

ఇక అసలు కథ వినండి. అమ్మాయి వ్యాసం సంగతి రేవంతా పాకింది. ఆ మర్నాడు పొద్దున్న పంటు నిండగానే సరంగు గట్టుకేసి చూశాడు. ముదురు నీలం కారు అప్పుడే మలుపు తిరుగుతోంది. బీడీ నీళ్ళలో పడేసి తాడు విప్పేశాడు. కారు రేవులోకి దిగేసరికి బల్లల స్థానంలో నీళ్ళున్నాయి. ముందు చక్రాలు దిగాయి, వెనక చక్రాలు దిగాయి, కారు తేలింది. కరస్పాండెంటు గారు కారు పైకెక్కి కూర్చుని, చెయ్యెత్తి గడియారం చూసుకుంటూ సముద్రం దాకా కొట్టుకుపోయారు. చేపలవాళ్ళు వల వేసి ఒడ్డుకు లాగారు. తడిబట్టలతో కాలేజీకి చేరేసరికి గేటు మూసి ఉంది. అటెండరు కమ్మీల సందులోంచి తెల్లకాగితం అందించాడు. ఆయన గేటు బయట ఎండలో గొంతుక్కూర్చుని ‘కాలము అమూల్యమైనది’ అని రాశారు. మా ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, “విషయాంతరమండీ, మళ్ళీ రాయండి” అన్నారు. సాయంత్రానికల్లా సిఫారసు మీద సంతకం పడింది, అమ్మాయి పరీక్ష రాసింది, ఫస్టుక్లాసులో పాసయ్యింది.

మొదట్లో మూడు ఒట్లు వేశాను కదా. వాటిలో మీసం ఒట్టు అప్పుడే సగం పోయింది. మిగతాది కూడా పోనివ్వండి.

సరంగు తాడు విప్పిన దగ్గర్నుంచి ఫస్టుక్లాసు దాకా నేను అల్లిందే. పులసల పులుసు కూడా. పాము సంగతి ఇంగ్లీషు మాస్టారు చెప్పింది, నేను కాస్త మర్యాద కలిపాను. నీలం రంగు కల్పించాననుకుంటారేమో, లేదు. కాఫీ కూడా కల్పన కాదు, నిజంగానే తెప్పించారు, బల్ల మీద పెట్టారు, నేను తాగలేదు.

ఆ మర్నాడు కూడా పంటు ఆగింది. ఆ నెలంతా ఆగింది. అమ్మాయి కాలేజీ మానేసింది. తర్వాత ఏమైందంటే రకరకాలుగా చెప్పారు. ఎక్కడో టీచరయ్యిందని ఒకరు, నర్సు అయ్యిందని ఒకరు. నాకు తెలియదు. ఏదో ఒకటి కల్పించి ఆ పిల్లకి కట్టబెట్టడం నాకు ఒక్క నిమిషం పని. అదొక్కటి మాత్రం చెయ్యను.

పరీక్షల మొదటి రోజున ప్రశ్నపత్రాల కట్ట విప్పేటప్పుడు తాను ఉండాలని కరస్పాండెంటు గారు తెల్లవారుతూనే బయలుదేరారు. పంటు నిండకముందే కారు ఎక్కేసింది. పిల్లలందరూ వేళకి ముందే హాలు చేరారు. గేటు దగ్గర ఆయనే నవ్వుతూ నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపారు. నేను మెట్ల మీద నిలబడి ఆ పంటులోంచి దిగినవాళ్ళ ముఖాలన్నీ వరసగా చూశాను. ఆ అమ్మాయి అందులో లేదు.